రేవు మంటల్లోంచి వచ్చిన ఒరిసె

షకుడా వాళ్ళింట్లో అందరికంటే ముందు లేచేది ఒరిసె. లేచి, ఇంటి ముందు కాలువలో కట్టేసి ఉన్న పడవలోకి దిగి, రాత్రి పడ్డ వాన నీళ్ళు తోడిపోసి, చేతులు కడుక్కుని అప్పుడు బియ్యం కడిగేది. అన్నం ఉడకగానే మొదటి ముద్ద చిన్న ఇత్తడి గిన్నెలో పెట్టి ఫుకుయేకి అందించేది. డెబ్భై మూడేళ్ళ ఫుకుయే ఆ గిన్నెను ఇంట్లోని బుద్ధుడి మందిరంలో పెట్టి, గంట మోగించి, పోయిన అత్తగారిని, పోయిన భర్తను తలుచుకుని "నమాన్‌దాబు, నమాన్‌దాబు" అనుకునేది. వెనక మోకాళ్ళ మీద కూర్చుని ఒరిసె కూడా అనేది. ఆ ఇద్దరి గొంతులూ విని ఫుకుయే కూతురు తజుకో లేచి వచ్చేది. తజుకో బడిపిల్లలకి మధ్యాహ్నం భోజనం వండే వంటశాలలో పనిచేస్తుంది. నాలుగువందల మందికి వండి వచ్చే మనిషికి ఇంట్లో గరిటె పట్టుకోవాలంటే విసుగు. ఆమెకి పెళ్ళయింది, విడిపోయింది, ఆ కథ ఇక్కడ అక్కర్లేదు.

"ఇవాళ చారులో మిసో ముద్ద ఎక్కువేశావు అత్తా," అనేది తజుకో.

"బడిలో చప్పిడి కూడు రుచి చూసీ చూసీ నీ నాలుక పాడైంది," అనేది ఒరిసె.

ఒరిసె వాళ్ళకి చుట్టం కాదు. ముప్పై నాలుగేళ్ళ కిందట 'ఆవలి ఒడ్డు' అనే ఆటలోంచి వచ్చింది. టీవీకి తగిలించుకుని, తెర మీది కథలో మనమే బాటసారిగా ఊళ్ళు తిరుగుతూ, అడుగడుగునా ఇదా అదా అని తేల్చుకుంటూ పోయే ఆట అది. తేల్చుకున్నవన్నీ ఆట గుర్తుపెట్టుకుంటుంది. కొన్నేళ్ళకి రెండో భాగం వస్తే, మొదటి దాంట్లో ఎవరిని బతికించామో, ఎవరికి మాటిచ్చామో ఆ సంగతులన్నీ అందులోకి తెచ్చుకోవచ్చు. అలా బతికించిన వాళ్ళలో కొందరు ఇళ్ళకి వచ్చి ఉండిపోయారు. వాళ్ళుండే షిన్‌మినాతో ఊళ్ళో అలాంటి ఇళ్ళు ఏడెనిమిది ఉండేవి. సారా కొట్టు వాళ్ళింట్లో ఒక కత్తివీరుడు సీసాల పెట్టెలు మోసేవాడు. స్టేషన్ దగ్గర మంగలి షాపులో ఒక నక్క దువ్వెనలు అందించేది.

వచ్చిన కొత్తలో ఒరిసెకి ఒకటే మాట వచ్చు. ఆటలో ఆమెకి రాసింది ఆ ఒక్కటే. ఏమడిగినా "ఆవలి ఒడ్డుకా? పోటు తగ్గనీ" అనేది. అన్నం తిన్నావా అంటే అదే, స్నానం చేస్తావా అంటే అదే. తజుకో నాయనమ్మ ఆ జవాబుకి తగ్గట్టుగానే మాట కలిపేది. "అలాగేలే తల్లీ, పోటు తగ్గేలోపు ఈ ముల్లంగి తరుగు," అనేది. రెండో భాగం వచ్చాక ఒరిసెకి పదకొండు మాటలు వచ్చాయి. మూడో దాంతో వాతావరణం గురించి గొణగడం పట్టుబడింది. నాలుగో దాంతో పొరుగు వాళ్ళ మీద చాడీలు. ఐదోది వచ్చేసరికి ఇక ఆమె నోటికి అడ్డు లేదు.

ఒక్కో భాగానికి ఆమెను తెచ్చుకోవడానికి తజుకో పడిన తంటా ఇంట్లో అందరికీ గుర్తే. రెండో దానికి, తెర మీద వచ్చిన యాభై రెండు అక్షరాల వరసని క్యాలెండరు వెనక రాసుకుని ఒక్కొక్కటే కొట్టింది. మూడో దానికి, ఆట ఉండే పాత క్యాసెట్టులో, దాచినవాటిని నిలిపే బ్యాటరీ చచ్చిపోయేలా ఉంటే రెండు నెలలు దాన్ని మిషనులోంచి తియ్యనివ్వలేదు, ఇంట్లో ఎవరు దుమ్ము తుడవబోయినా కయ్యిమనేది. నాలుగో దానికి కనజావా దాకా రైల్లో పోయి పాడుబడిన మిషనొకటి వెతికి తెచ్చింది. ప్రతిసారీ కొత్త ఆట మొదట్లో నల్ల తెర మీద ఒకటే ప్రశ్న వచ్చేది: పాత ప్రయాణం నుంచి తెచ్చుకుంటారా? ప్రతిసారీ తజుకో 'అవును' నొక్కేది. నొక్కిన మర్నాడు ఒరిసె ఒక ముడత ఎక్కువై, కొత్త రంగు కిమోనోలో, చారు కలుపుతూ ఉండేది. కిమోనో ఏదైనా దాని కింది అంచు మాత్రం కాలినట్టే ఉండేది.

ఐదో భాగం నుంచి ఈ క్యాసెట్ల గొడవ లేకుండా, అందరి ఎంపికలూ కంపెనీయే తన దగ్గర భద్రపరిచింది. వాటిని పంపడానికి ఒక గడువు పెట్టింది. హిమి ఊళ్ళో ఒకాయన ఆ గడువు మర్చిపోయాడు. వాళ్ళింట్లో ఉండే ముసలి వైద్యుడు భోజనం మధ్యలో లేకుండా పోయాడు. చాప్‌స్టిక్కులు బల్ల మీద పడిన చప్పుడు విని ఆయన భార్య వంటింట్లోంచి వచ్చి చూసిందట.

ఫిబ్రవరి ఆఖర్లో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. జూన్‌లో ఆరో భాగం, అదే చివరిది. ఇందులోకి పాత ఎంపికలేవీ రావు. భద్రపరిచినవి మార్చి ముప్పై ఒకటి సాయంత్రం ఐదింటికి తీసేస్తారు. ఇన్నేళ్ళ ఆదరణకి కృతజ్ఞతలు. ఉత్తరంతో పాటు, 'వీడ్కోలు' అని అచ్చేసిన తెల్లటి తువ్వాలు కూడా పంపారు.

తజుకో ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. తువ్వాలుని నాలుగు మడతలు పెట్టి, అంచులు సూదీదారంతో కుట్టి, దాంతో వసారా తుడిచింది.

"కొత్త గుడ్డ," అంది ఫుకుయే.

"నేలకి సరిపోతుంది," అంది తజుకో.

*

మార్చి మధ్యలో కంపెనీ వాళ్ళు కనజావాలో ఒక సమావేశం పెట్టారు. తజుకో ఒరిసెని వెంటబెట్టుకుని వెళ్ళింది. హాల్లో రెండువందల కుర్చీలు. ముందు వరసల్లో ఆటలోంచి వచ్చిన వాళ్ళు పాతికమంది దాకా కూర్చున్నారు. కంపెనీ తరఫున కురాటా అనే ముప్పై అయిదేళ్ళ మనిషి వచ్చాడు. నీలం సూటు, అలసిన కళ్ళు. మొదలుపెట్టే ముందు ముందు వరసలకి నడుం దాకా వంగి, "మీకు ఇబ్బంది కలిగిస్తున్నందుకు క్షమించండి," అన్నాడు. తన చేత్తోనే అందరికీ టీ సీసాలు పంచాడు. ఆ తర్వాత తెర మీద లెక్కలు వేశాడు.

"మొదటి భాగంలో షిరాయో రేవు దగ్గర పడవ తగలబడుతుంది. ఒరిసె అనే పడవ మనిషిని రక్షిస్తారా అని ఆట అడుగుతుంది. ఆడిన వాళ్ళలో నూటికి తొంభై రెండుమంది కాదన్నారు. ఆమెను వదిలేసి పడవలో ఉన్న పెట్టెను తీసుకున్నారు. నూటికి ఎనిమిది మంది కోసం ప్రతి కథా రెండుసార్లు రాయడం మా వల్ల కావట్లేదు. అందుకని ఆరో భాగంలో ఒకటే అసలైన చరిత్ర ఉంటుంది."

ఒరిసె ఒళ్ళో అన్నం డబ్బా పెట్టుకుని వింటోంది. తజుకో వైపు వంగి, "పెట్టెలో ఏం దొరికిందట వాళ్ళకి?" అని అడిగింది.

"కత్తి."

"మంచిదేనా?"

"మంచిదే అత్తా. ఆటలో అంతకంటే మంచిది లేదు."

"అయితే వాళ్ళనని లాభం లేదు," అంది ఒరిసె.

మనిషికి ఒక ప్రశ్న చొప్పున అడగవచ్చన్నారు. తజుకో వంతు వచ్చింది. ఆమె లేచి, మైకు తీసుకుని, చుట్టూ ఉన్న ముఖాల వైపు కాకుండా నేరుగా కురాటా వైపు చూసింది.

"తొంభై రెండుమంది చెప్పింది అసలైనదైతే, మా ఇంట్లో గిన్నెలు తోముతున్నది ఎవరు?"

కురాటా తల దించుకున్నాడు. "మీ బాధ అర్థమవుతుందండీ. కానీ దయచేసి ఆలోచించండి. అప్పుడు మీరంతా చిన్నపిల్లలు. చాలామంది చూసుకోకుండా నొక్కిన బటన్లవి. ఎవరో తొమ్మిదేళ్ళ పాప వేలు ఎటు కదిలిందో దాన్ని పట్టుకుని ముప్పై ఏళ్ళు కథ నడిపాం. ఎక్కడో ఒకచోట ఆపాలి కదా."

తజుకో మైకు తిరిగి ఇవ్వలేదు. ఒక ప్రశ్నే అన్న నియమం ఆమెకి గుర్తుంది. అయినా ఇవ్వలేదు.

"నాదీ చూసుకోకుండా నొక్కిందే," అంది. ఈ మాట ఆమె ఇంతవరకూ తల్లికి కూడా చెప్పలేదు. "నాకూ కత్తే కావాలి. మా వీధి పిల్లలందరూ కాదని నొక్కమన్నారు. నేను దుప్పటి కింద కాళ్ళు పెట్టుకుని కమలాపండు ఒలుచుకు తింటున్నాను. వేలికి రసం అంటుకుని ఉంది. జారి అవును మీద పడింది. ఈలోగా నాయనమ్మ స్నానానికి పిలిచింది, ఆటను అలాగే దాచేసి మిషను ఆపేశాను. అది పొరపాటే, ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత మీరు నన్ను నాలుగుసార్లు అడిగారు, తెచ్చుకుంటారా అని. పన్నెండేళ్ళప్పుడు అడిగారు, పదిహేడప్పుడు అడిగారు, పాతికేళ్ళప్పుడు అడిగారు, నా సంసారం విడిపోయిన ఏడాది కూడా అడిగారు. నాలుగుసార్లూ నా చేతులు పొడిగానే ఉన్నాయి. నాలుగుసార్లూ చూసే నొక్కాను. మొదటిదాన్ని కావాలంటే మీరు తీసుకోండి. ఆ నాలుగూ నావి."

వెనక ఎవరో ముక్కు చీదుకున్నారు. కురాటా చాలాసేపు వంగి, లేచి, "మీ అభిప్రాయాన్ని సానుకూలంగా పరిశీలిస్తాం," అన్నాడు. ఆ మాటకి అర్థమేమిటో హాల్లో అందరికీ తెలుసు. ఒరిసె అన్నం డబ్బాను గుడ్డలో మూటగట్టడం మొదలుపెట్టింది.

తిరుగు రైల్లో తజుకో కిటికీలోంచి మంచు కొండలనే చూస్తూ కూర్చుంది. ఎంతకీ ఒరిసె వైపు తిరగలేదు.

"నాకు తెలుసులే," అంది ఒరిసె.

"ఏం తెలుసు?"

"వచ్చిన రోజు పొద్దున వంటింట్లో నన్ను చూసి నువ్వు గుక్కపట్టి ఏడ్చావు. కత్తి, కత్తి అని. అప్పుడు నాకు మాటలు లేవుగానీ చెవులున్నాయి."

తజుకో నవ్వబోయి ఆగింది. "మరి ఇన్నేళ్ళూ అడగలేదేం?"

"అడగడానికేముంది? మీ నాయనమ్మ ముల్లంగి ఇచ్చింది, తరిగాను," అని ఒరిసె మూట విప్పి మిగిలిన అన్నం ఉండ సగం చేసి ఇచ్చింది.

*

మార్చి గడిచేకొద్దీ ఊళ్ళో ఆటవాళ్ళున్న ఇళ్ళల్లో వీడ్కోళ్ళు మొదలయ్యాయి. సారా కొట్టాయన కత్తివీరుణ్ణి వేడినీటి బుగ్గలకి తీసుకెళ్ళి తిప్పి తెచ్చాడు. మంగలి షాపులో నక్కకి ఫోటో తీయించారు. ఫుకుయేకి కూడా మనసు ఆగలేదు.

"గుడి పూజారిని పిలిపించి ఒరిసె పేరున ఒక పాఠం చదివిద్దామా తజూ?"

"బతికున్న మనిషికి చదివించే పాఠాలు నాకొద్దమ్మా."

"నేను బతికున్న వాళ్ళ కోసమే అంటున్నాను. నీ కోసం."

"నాకూ వద్దు."

ఫుకుయే మెల్లగా మాట్లాడే మనిషి, మెల్లగానే ఆలోచిస్తుంది. ముప్పయ్యో తారీకున వీధి సంఘం వాళ్ళ చెక్క పలక ఇంటికొచ్చింది. ఆ వాడలో పదకొండు ఇళ్ళున్నాయి. ఊరి సంగతులు, చెత్త ఎత్తే రోజులు, కాలువ శుభ్రం చేసే వంతులు అన్నీ ఆ పలకకి తగిలించిన కాగితాల్లో ఉంటాయి. ఒకరు చదివి, పేరు పక్కన తమ ఇంటి ముద్ర వేసి, పక్కింటి గుమ్మంలో పెడతారు. ఏటా ఏప్రిల్ ఒకటికి వాడలో ఉండేవాళ్ళ జాబితా కొత్తగా రాయాలి, అది వంతులవారీ పని. ఈ ఏడు షకుడా వాళ్ళ వంతు.

ఫుకుయే కళ్ళజోడు పెట్టుకుని పాత జాబితాను, ఖాళీగా ఉన్న కొత్త కాగితాన్ని పక్కపక్కన పరిచి చాలాసేపు చూసింది.

"తజూ, ఇదీ అలాంటిదే కదే. ఏటా కొత్త కాగితం. పాతదాంట్లోంచి ఎవరొస్తారో రాసేది మనమే. కంపెనీ వాళ్ళు రాయరు."

తజుకో చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టింది. ఆ సాయంత్రమే ఒరిసె పేరు చేర్చే సంగతి అడగడానికి సంఘం పెద్ద మిజొగుచి దగ్గరికి వెళ్ళింది.

మిజొగుచిది కాలువ అవతలి గట్టున చేపముద్దలు ఆవిరి పట్టి అమ్మే కొట్టు. తజుకో కంటే ఒక ఏడు పెద్ద. చిన్నప్పుడు ఆమెని కాదని నొక్కమన్న వాళ్ళలో మొదటివాడు అతనే. అతని కత్తి అతనికి దొరికింది. అదీ ఆటలోంచి ఇవతలికి వచ్చి, ముప్పై నాలుగేళ్ళుగా కొట్టు గుమ్మంలో గొడుగుల బుట్టలో, గొడుగుల మధ్య నిలబడి ఉంది. అన్నేళ్ళుగానూ మిజొగుచి ఒరిసె ఎదురుపడకుండా తిరుగుతున్నాడు. ఆమె దగ్గర వంతెన మీద కనిపిస్తే తను దూరపు వంతెన దాకా నడిచి చుట్టూ తిరిగి పోతాడు.

"ఇలా ముందెప్పుడైనా జరిగిందా తజు చాన్?" చిన్నప్పటి పిలుపుతోనే అన్నాడు అతను, చేతులు తుడుచుకుంటూ.

"ఇప్పుడు జరుగుతుంది."

"పుట్టిన తేదీ రాయాలి."

"తొంభై డిసెంబరు. ఆట కొట్లోకి వచ్చిన రోజు."

"ముప్పై నాలుగేళ్ళా? చూడబోతే అరవై దాటినట్టు ఉంటారే."

"పడవ పని మొహాన్ని ముసలిది చేస్తుంది. నిన్ను చూడు, పొయ్యి ముందు ఎలా అయ్యావో."

మిజొగుచి నవ్వలేదు. "ఇంతకుముందు ఉన్న చోటు?"

"షిరాయో రేవు అని రాస్తాను."

ఆ పేరు వినగానే అతను బల్ల వైపు తిరిగిపోయాడు. "కొత్త పేరు చేరాలంటే పదకొండు ఇళ్ళ ముద్రలూ ఉండాలి. ఒక్కటి తగ్గినా కుదరదు. నియమం," అన్నాడు. ఆ పలక పదకొండు ఇళ్ళు తిరిగి రావడానికి ఎప్పుడూ వారం పడుతుందని వాళ్ళిద్దరికీ తెలుసు.

*

ముప్పై ఒకటిన బడికి సెలవులు. పొద్దున ఎనిమిదింటికి తజుకో కొత్త జాబితా రాయడానికి కూర్చుంది. తల్లి పేరు రాసింది, తన పేరు రాసింది. కలం పట్టుకుని ఒరిసె వైపు చూసింది.

"రాయనా అత్తా?"

"అడుగుతున్నావా?"

"అడుగుతున్నాను."

ఒరిసె ఆమె చేతిలోంచి కలం తీసుకుంది. ఆటలో ఎక్కడా ఒరిసె ఏదీ రాయదు, అందుకని ఆమెకి అక్షరాలు వంకరగా వచ్చాయి. అయినా పేరు రాసింది. ఉండేవాళ్ళ గడిలో సరిపోక పక్క గడిలోకి పాకింది.

ఆ పలకని ఒకరే పట్టుకుని అన్ని ఇళ్ళూ తిరగకూడదు. ఇంటి నుంచి పక్కింటికి, వాళ్ళ చేతి నుంచి వీళ్ళ చేతికి వెళ్ళాలి. తజుకో గుమ్మం గుమ్మం దగ్గరా నిలబడి, తలుపు తెరిపించి, ఇప్పుడే చదవండి, ఇప్పుడే పక్కన ఇవ్వండి అని బతిమాలింది, బెదిరించింది. రెండో ఇంటావిడ చేపల వేలంపాటకి వెళ్ళి పదింటికి వచ్చింది. నాలుగో ఇంటాయన ముద్ర ఎక్కడ పెట్టాడో మరిచిపోయి దేవుడి మందిరం సొరుగులన్నీ బోర్లించాడు. అయిదో ఇల్లు సారా కొట్టు. ఆయన కాగితాన్ని పైకీ కిందకీ చూసి, తజుకోని చూసి, కలం తీసి తన ఇంటివాళ్ళ గడిలో కత్తివీరుడి పేరు కూడా చేర్చి, పలక పట్టుకుని పక్కింటికి పరుగెత్తాడు. ఏడో ఇంటి ముసలమ్మ చెత్త ఎత్తే రోజుల పట్టిక మొత్తం చదివితేగానీ ముద్ర వెయ్యనంది.

"ప్లాస్టిక్కులు మంగళవారం నుంచి గురువారానికి మార్చారే. ఎవరినడిగి మార్చారు?"

"బామ్మగారూ, ఒరిసె అత్త సంగతి..."

"ఒరిసెకేం, ఉంటుంది. మంగళవారం సంగతి చెప్పు."

పది ముద్రలూ పడేసరికి నాలుగున్నర దాటింది. మిగిలింది మిజొగుచి ఇల్లు, కాలువ అవతల. దగ్గర వంతెన మీద ఆ రోజు రంగులు వేస్తున్నారు. ఒరిసె పడవ విప్పింది. తజుకో పలకని గుండెకి హత్తుకుని ముందు కూర్చుంది. వెనక గట్టు మీద ఫుకుయే, సారా కొట్టాయన, కత్తివీరుడు నిలబడి చూస్తున్నారు.

మిజొగుచి కొట్టు వెనక తలుపు నేరుగా కాలువలోకే తెరుచుకుంటుంది. అతను పీట మీద చేపముద్దను చాకుతో సర్దుతున్నాడు. తజుకో లేవబోతే ఒరిసె తెడ్డు అడ్డం పెట్టింది. "నువ్వు కూర్చో," అని పలక తీసుకుని తనే మెట్టెక్కింది.

"మిజొగుచి సాన్, ముద్ర."

"అక్కడ పెట్టి వెళ్ళండి. రేపు చూస్తాను."

"రేపు నేను లేకపోతే ఎవరి కోసం చూస్తావు?"

అతను సర్దుతూనే ఉన్నాడు. "తజుకో వేలు జారిందట కదా. ఊరంతా చెప్పుకుంటున్నారు. నాది జారలేదు ఒరిసె సాన్. చూసే నొక్కాను. మళ్ళీ మొదట్నుంచి ఆడినప్పుడూ అదే నొక్కాను. మూడుసార్లు. అలాంటివాడు మీ పేరు పక్కన ముద్ర ఎలా వేస్తాడు? వాళ్ళు అసలైనదంటున్నది నా చరిత్రే. అందులో మీరు లేరు."

"లేను," అంది ఒరిసె. "నీ ఆటలో నేను కాలిపోయాను. అది అబద్ధమని అనను. ఆ ఇంట్లో ముప్పై నాలుగేళ్ళుగా బియ్యం కడుగుతున్నాను. అదీ అబద్ధం కాదు. వాళ్ళు రెండిట్లో ఒకటే ఉండాలంటున్నారు. నువ్వూ అలాగే అంటావా?"

మిజొగుచి చాకు పక్కన పెట్టి మొదటిసారి ఆమె వైపు తిరిగి చూశాడు. పైనుంచి కిందికి చూసి కిమోనో అంచు దగ్గర ఆగాడు.

"అంచు ఇంకా కాలే ఉందే."

"ఎన్నిసార్లు కుట్టినా మళ్ళీ కాలుతుంది."

అతను చేతులు కడుక్కున్నాడు. గల్లాపెట్టె సొరుగు తీశాడు, ముద్ర లేదు. గూట్లో చూశాడు, లేదు. భార్యను పిలిచాడు, ఆమె బజారుకెళ్ళింది. అంతలో ఊరి స్తంభాల మీది మైకుల్లో ఐదింటి పాట మొదలైంది. రోజూ పిల్లల్ని ఇంటికి పొమ్మని వేసే పాట అది, నిమిషం కంటే ఎక్కువ ఉండదు. ఒరిసె పలక పట్టుకుని కదలకుండా నిలబడింది. పడవలోంచి చూస్తున్న తజుకోకి, ఆమె భుజం వెనక ఉన్న ఆవిరి పెట్టె ఆమెలోంచి కనబడుతున్నట్టు అనిపించింది.

"మిజొగుచీ," అంది తజుకో, మామూలు గొంతుతో. "వేలు చాలు."

మిజొగుచి ఎర్రసిరా డబ్బా మూత ఊడబీకి బొటనవేలు అందులో ముంచి, పదకొండో గడిలో గట్టిగా అదిమాడు. అదిమి అలాగే పట్టుకున్నాడు. పాట అయిపోయింది. కాలువ మీద సముద్రపు కొంగ ఒకటి అరిచింది.

ఒరిసె తుమ్మింది.

ముప్పై నాలుగేళ్ళలో ఆమె ఎప్పుడూ తుమ్మలేదు. ఐదు భాగాల్లో ఎవరూ ఆమెకి తుమ్ము రాయలేదు. ముక్కు తుడుచుకుని, "మీ కొట్టు చల్లగా ఉంది," అంది.

"చేపలుండే చోటు కదండీ," అన్నాడు మిజొగుచి, ఇంకా వేలు ఎత్తకుండానే.

ఆ రాత్రి ఆమెకి జ్వరం వచ్చింది. డాక్టరు వచ్చి, ఈ వయసులో చలిగాలికి పడవలో తిరగొద్దన్నాడు. ఫుకుయే గంజి కాచి తాగించింది. కత్తివీరుడు మర్నాడు కూడా సీసాల పెట్టెలు మోశాడు. స్టేషన్ దగ్గర నక్క మాత్రం దువ్వెన పట్టుకునే వెళ్ళిపోయింది. వాళ్ళ వాడ సంఘంలో అడిగితే, నియమాలు ఒప్పుకోవన్నారట. మంగలి ఆయన మూడు రోజులు షాపు తెరవలేదు. తజుకో వెళ్ళి, ఇంట్లో తనే వండిన కూర అక్కడ పెట్టి వచ్చింది.

మిజొగుచి గొడుగుల బుట్టలో ఇప్పుడు గొడుగులే ఉన్నాయి, కత్తి లేదు. అతను కాలువ ఇవతలికి వచ్చేటప్పుడు దగ్గర వంతెన మీదుగానే పోతున్నాడు.

జూన్‌లో ఆరో భాగం వచ్చింది. తజుకో కొననంది. ఒరిసే కొనిపించింది, చూస్తానని. కొత్త ఆటకి ముందు ప్రశ్నేమీ రాలేదు. నేరుగా షిరాయో రేవు కనబడింది, ముప్పై ఏళ్ళ తర్వాతి రేవు, కొత్తగా కట్టిన చెక్క మెట్లు. బాటసారిని నడిపిస్తున్నది ఒరిసె. చత్వారపు కళ్ళజోడు పెట్టుకుని, నాలుగు బటన్లనీ నాలుగు వేళ్ళతో తడుముకుంటూ నడిపిస్తోంది. మెట్ల పక్కన నాచు పట్టిన సమాధి రాయి ఉంది. దగ్గరికెళ్తే తెర మీద అక్షరాలు వచ్చాయి. తజుకో చదివి వినిపించింది.

"మంటల్లో పోయిన పడవ మనిషి ఒరిసె సమాధి. పూలు ఉంచుతారా?"

కింద రెండు గడులు. ఒరిసె కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఎక్కడ ఏముందో సరిగ్గా చూసుకుని, 'కాదు' నొక్కింది. కొంచెం వేచి చూసింది, ఇంకా ఏమైనా అడుగుతుందేమోనని. అడగలేదు. మిషను ఆపేసి, మోకాళ్ళు పట్టుకుని లేచి, కాలువ శుభ్రం చేసే వంతు ఆ రోజు తనదే కాబట్టి, చీపురు తీసుకుని బయటికెళ్ళింది.